వత్తు రాని పిల్లలు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటి దగ్గరే చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతాను. 1996లో మొదలుపెట్టాను. ముందు గదిలో రెండు చాపలు, ఒక నల్లబల్ల, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు పదిహేను ఇరవై మంది పిల్లలు. ఎక్కువమంది రైల్వేలోనో పోర్టులోనో పని చేసేవాళ్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు.

2025 జూన్‌లో ఆమిర్ ఖాన్ కొత్త సినిమా 'సితారే జమీన్ పర్' వచ్చినప్పటి నుంచి పాత 'తారే జమీన్ పర్' మా వీధిలో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు గుమ్మంలో నిలబడి ఆ సినిమా గురించే చెబుతున్నారు. చూసి ఏడ్చామంటున్నారు. నేనూ ఏడ్చాను, 2008 దసరా సెలవుల్లో. మర్రిపాలెంలో మా తమ్ముడి ఇంట్లో డీవీడీ పెడితే అందరం కూర్చుని చూశాం. సెలవులయ్యాక ట్యూషన్ తెరిచిన మొదటి రోజే, అచ్చం ఆ సినిమాలో పిల్లాడిలాంటి పిల్లాణ్ని స్కేలుతో కొట్టాను. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 2007 డిసెంబరులో వచ్చింది. ఇషాన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు. మూడో తరగతి రెండోసారి చదువుతుంటాడు, అయినా అక్షరాలు పట్టుబడవు. అన్న క్లాసులో ఫస్టు. తండ్రికి మార్కులే లోకం. పిల్లాడు కావాలనే చదవడం లేదని తీర్మానించి హాస్టలున్న బడికి పంపేస్తాడు. అక్కడికి వచ్చిన డ్రాయింగు మాస్టారు నికుంభ్ ఆ పిల్లాడి పాత నోటుపుస్తకాలు తిరగేసి, ఇది బద్ధకం కాదు, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) అని పట్టుకుంటాడు. తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి, వాళ్లకు తెలియని లిపి ఉన్న ఒక డబ్బా తండ్రి చేతిలో పెట్టి చదవమంటాడు. నాకు ఎలా వస్తుందని తండ్రి అంటే, మీరు ప్రయత్నించడం లేదని గద్దిస్తాడు. ఆ సీను దగ్గర మా తమ్ముడి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

నేను కొట్టిన అబ్బాయి అప్పటికి నాలుగో తరగతి. తండ్రి రైల్వేలో ఖలాసీ, తల్లికి చదువు రాదు. పిల్లాడు చురుకైనవాడు. లెక్క నోటితో అడిగితే నాకంటే ముందు చెప్పేవాడు. చదవమంటే మాత్రం చెమట పట్టేది. ఆ రోజు 'రాష్ట్రం' అన్న మాట తప్పు రాశాడని యాభై సార్లు రాయమన్నాను. నేను రాసిచ్చిన వరస చూసుకుంటూ మొదటి నాలుగైదు సరిగ్గా రాశాడు. ఆ తర్వాత కింద ఉండాల్సిన వత్తులు ఒక్కొక్కటీ జారిపోయాయి. పదోసారికి 'రాషటం' అయింది. యాభై దాకా అదే. నన్ను వెక్కిరించడానికే రాశాడనుకుని రెండు అరచేతుల మీదా కొట్టాను.

అంతకుముందు ఇంకో పని కూడా చేశాను. సినిమా గుర్తుండి వాడికి పరీక్ష పెట్టాను. సినిమాలో ఇషాన్ ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి రాస్తాడు, బి రాయబోయి డి రాస్తాడు. మావాడి చేత బి, డి పదిసార్లు రాయించాను. పదిసార్లూ సరిగ్గానే రాశాడు. అయితే వీడికి ఆ జబ్బు లేదు, వీడిది బద్ధకమే అని నా మనసుకు నచ్చజెప్పుకున్నాను. అంత మంచి సినిమా నా చేతిలో ఆ పిల్లాడికి ఎదురు సాక్ష్యం అయిపోయింది.

సంపాదకులు గారూ, నేను అందరి దృష్టికీ తేవాలనుకుంటున్నది ఇదే. ఆ సినిమాలో డిస్లెక్సియా ఇంగ్లీషులో ఉంది. మన పిల్లల్లో అది తెలుగులో ఉంటుంది, వేరేగా కనిపిస్తుంది. బి, డి లాగా అద్దంలో తిప్పినట్టుండే జంటలు మన అక్షరాల్లో పెద్దగా లేవు. మనవన్నీ గుండ్రాలు. తేడా అంతా చిన్న గీతలో, చుక్కలో, కొమ్ములో ఉంటుంది. ద, ధ, థ. బ, భ. ప, ష, స. మ, య, వ. గుడికీ గుడి దీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ మధ్య తేడా వెంట్రుకవాసి. వీటికి తోడు వత్తులు. 'లక్ష్మి' చదవాలంటే కన్ను కిందికి దిగి, అక్కడ ఉన్నది ఏరుకుని, మళ్లీ పైకెక్కి గుడి కలుపుకోవాలి. మనకు అలవాటైపోయి తెలియదు గానీ, ఆ దిగడం ఎక్కడం కొందరు పిల్లలకు ఏళ్ల తరబడి కుదరదు. గడ్డి గడి అవుతుంది, చెట్టు చెటు అవుతుంది.

ఇంకొకటి. తెలుగు పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. అందుకని ఈ ఇబ్బంది ఉన్న పిల్లలు కొందరు చివరికి తప్పు లేకుండా చదివేస్తారు కూడా. కాకపోతే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివారో గుర్తుండదు. 'చదువుతున్నాడు కదా, కాస్త నెమ్మది' అని మనం వదిలేస్తాం. ఆ నెమ్మదే అసలు గుర్తు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కొందరు అదీ బయటపడనివ్వరు. నేను కొట్టిన అబ్బాయి పాఠం మొత్తం చెవితో పట్టేసేవాడు. పక్కవాడు చదువుతుంటే విని కంఠతా పెట్టి, తన వంతు వచ్చినప్పుడు పుస్తకం ముందు పెట్టుకుని అప్పజెప్పేవాడు. వేలు ఒక వరస మీద ఉండేది, నోరు ఇంకో వరసలో ఉండేది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పేవాడు కాదు. కళ్లెదుట జరుగుతున్నా నాకు అర్థం కాలేదు.

తండ్రి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన సినిమాలో తండ్రిలాంటివాడు కాదు. కొడుకును తిట్టడం నేనెప్పుడూ వినలేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మానుకుని వాణ్ని సైకిల్ మీద బడికి దింపేవాడు. 'నేను పది తప్పి ఇక్కడే ఆగిపోయాను మేడం, వీడు ఇంజినీరు అవ్వాల' అనేవాడు. మొక్కు మొక్కినట్టు చెప్పేవాడు. ఆరో తరగతికి వచ్చేసరికి, ఐఐటీ ఫౌండేషన్ అని చెప్పే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో సీటు తీసుకున్నారు. తల్లి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది. సినిమాలో హాస్టల్ అంటే శిక్ష, ఇషాన్ వద్దు వద్దని ఏడుస్తాడు. మా దగ్గర హాస్టల్ సీటు వస్తే వీధంతా స్వీట్లు పంచుతారు. నాకూ లడ్డూ ఇచ్చారు. పిల్లాడు కొత్త ట్రంకుపెట్టె పట్టుకుని నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. బాగా చదువుకోమని దీవించాను. అందరూ అంత సంతోషంగా ఉన్నప్పుడు ఆ పిల్లాడు ఎవరికి చెప్పుకుంటాడు?

రెండు నెలలు కాకుండానే, 2010 ఆగస్టులో, వాళ్లమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. 'మావోడు ఉత్తరం ఏసాడు టీచరమ్మా, కాస్త సదివి పెట్టండి' అంది. హాస్టల్ నుంచి ఎవరో తెలిసినవాళ్ల చేత పంపించాడట. నోటుపుస్తకం కాగితం, ఒకే ఒక్క వరస. 'అమ నాకు ఇకడ బాలేదు వచి తీసుకెళు.'

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. అప్పటిదాకా పిల్లల కాపీలు దిద్దుతున్నాను. ఆమెకు చదివి వినిపిస్తూ వినిపిస్తూనే, అలవాటు చొప్పున, వత్తు లేని నాలుగు చోట్లా సున్నాలు చుట్టేశాను. అమ్మ, ఇక్కడ, వచ్చి, తీసుకెళ్ళు. నాలుగోది చుట్టాక తల ఎత్తితే ఆమె ఏడుస్తోంది. అప్పుడు గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. నాలుగూ ఒకే రకం తప్పు. కావాలని చేసేవాడు, బద్ధకించేవాడు, తల్లికి ఏడుస్తూ రాసే ఉత్తరంలో కూడా అదే తప్పు చెయ్యడు కదా. నికుంభ్ మాస్టారు నోటుపుస్తకాల్లో చూసింది నేను ఆ ఒక్క వరసలో చూశాను, కానీ రెండేళ్లు ఆలస్యంగా.

పిల్లాణ్ని తీసుకొచ్చేశారు. ఫీజు వెనక్కి రాలేదు. తర్వాత సంగతి పొడుగు, ఇక్కడ వద్దు. పదో తరగతి రెండు విడతల్లో గట్టెక్కాడు. ఇప్పుడు ఇరవై ఆరేళ్లవాడు, గాజువాక ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పని చేస్తాడు. శబ్దం విని ఎక్కడ తేడా ఉందో చెబుతాడని అక్కడివాళ్లు అంటారు. నాకు వాట్సాప్‌లో ఎప్పుడూ వాయిస్ మెసేజే పెడతాడు.

పోయిన సంవత్సరం వాడు తన అక్క కూతుర్ని తీసుకొచ్చి మా గుమ్మంలో నిలబెట్టాడు. మూడో తరగతి, ఎనిమిదేళ్లు. 'మేడం, దీన్ని కొట్టకండి. ఇది నాలాంటిదే' అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఈ ఇబ్బంది కుటుంబాల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుందని డాక్టర్లు చెబుతారు. వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తన చిన్నతనం చూసుకుని గుర్తుపట్టాడు. ఆ పాప అల్లరి చెయ్యదు, వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటుంది. అందుకే బడిలో ఎవరూ పట్టించుకోలేదు. మగపిల్లాడు గోల చేస్తే కనీసం ఎవరో ఒకరి దృష్టి పడుతుంది. ఆడపిల్ల 'నెమ్మదస్తురాలు' అన్న మాట కింద కనపడకుండా పోతుంది.

పరీక్ష చేయిద్దామంటే పాప తల్లి భయపడింది. మా ఊళ్లో మనసుకు సంబంధించిన డాక్టరంటే అందరికీ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలే గుర్తొస్తుంది. దాన్ని ఏ పేరుతో పిలుస్తారో విశాఖవాసులకు నేను చెప్పక్కర్లేదు. 'దీనికి రేపు సంబంధాలొస్తాయా?' అని ఆ ఎనిమిదేళ్ల పిల్ల గురించి అడిగింది. నేను తోడు వెళ్లాను. క్లినికల్ సైకాలజిస్టు రెండు రోజులు కూర్చోబెట్టి చూశారు. ముందు తెలివి ఎంత ఉందో చూశారు, బాగానే ఉంది. తర్వాత చదివించారు, రాయించారు, విన్నది తిరిగి చెప్పమన్నారు. బెంగళూరు నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు తయారుచేసిన పరీక్షలు ఇందుకు వాడతారట. పిచ్చి లేదు, మందు లేదు, సూది లేదు. ఆ తల్లి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, 'అయితే దీనికి బుర్ర ఉన్నట్టేనా మేడం?' అని మూడుసార్లు అడిగింది.

ఇది చట్టంలో కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు, నేర్చుకోవడంలో వచ్చే ఈ ఇబ్బంది వాటిలో ఒకటి. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాక సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్లీ చూస్తారు. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం అదే సంవత్సరం చెప్పింది. మూడు గంటల పేపరుకు ఇంకో గంట అన్నమాట. నేను కొట్టిన అబ్బాయికి పదో తరగతిలో ఆ గంట దొరికి ఉంటే ఎలా ఉండేదో అని నేను ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను.

పాప రిపోర్టు పట్టుకుని బడికి వెళితే, అక్కడి టీచరు మంచావిడే, 'ఇలాంటివి సినిమాలో చూశానండి, కానీ ఈ పిల్ల అక్షరాలు తిరగేసి రాయదే' అంది. పదిహేడేళ్ల కిందట నేను అనుకున్న మాటే. ఆమెను తప్పుపట్టలేను. ట్రైనింగులో ఆమెకు ఎవరు చెప్పారు? తెలుగులో ఈ ఇబ్బందికి నలుగురూ వాడే పేరు కూడా లేదు. మొద్దు, శుంఠ, చవట, మట్టిబుర్ర అని తిట్లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం మన భాషల్లో డిస్లెక్సియా గుర్తించే సాధనాలు తెచ్చినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులతో మొదలుపెట్టింది. ఆ వరసలో తెలుగు లేదు. పక్కనున్న కన్నడ లిపి మన లిపికి అప్పచెల్లెలు, అది ఉన్నందుకు సంతోషమే. కానీ ఇన్ని కోట్లమంది మాట్లాడే భాష మొదటి పంక్తిలో ఎందుకు కూర్చోలేదో మన విశ్వవిద్యాలయాలు ఆలోచించాలి. ఆంధ్రా యూనివర్సిటీ మా ఇంటికి ఎంతో దూరంలో లేదు. అక్కడ తెలుగు శాఖా ఉంది, సైకాలజీ శాఖా ఉంది. తెలుగు పిల్లలు తెలుగులో ఎక్కడ తడబడతారో ఆ రెండు శాఖలు కలిసి కూర్చుని టీచర్లకు ఒక చిన్న పుస్తకం రాసిపెడితే మాలాంటివాళ్లం నెత్తిన పెట్టుకుంటాం.

సినిమా మీద నాకు ఒక్క అసంతృప్తి ఉంది. చివర్లో ఇషాన్ బొమ్మల పోటీలో గెలుస్తాడు, అందరూ లేచి చప్పట్లు కొడతారు. మా వీధి తల్లులు అది చూసి, 'మా వాడిలో ఏ కళ ఉందో' అని వెతుకుతున్నారు. డ్రాయింగు క్లాసు, కీబోర్డు క్లాసు, ఇంకో టెన్షన్. నా దగ్గరికి వచ్చే పాపకు బొమ్మలు రావు, పాట రాదు. ఆమెకు వత్తులు చదవడం నేర్పాలి, అంతే. ఆమెను ప్రేమగా చూడడానికి ఆమె ఏ పోటీలోనూ గెలవనక్కర్లేదు.

అదే సినిమాలో నాకు బాగా ఉపయోగపడిన సీన్లు మిగతావారికి పెద్దగా గుర్తుండనివి. మాస్టారు పిల్లాడి చేత ఇసుకలో రాయిస్తాడు, మట్టితో అక్షరాలు చేయిస్తాడు, మెట్లు ఎక్కిస్తూ దింపుతూ లెక్కలు చెబుతాడు. అది చూసి నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన వీధిబడిలో ఇసుక మీదే వేలితో ఓనమాలు దిద్దారు, గుణింతం రాగం తీసి పాడారు. ఇప్పుడు నా దగ్గర ఒక స్టీలు పళ్లెంలో ఇసుక ఉంది. ఆర్కే బీచ్ నుంచి ఆ అబ్బాయే తెచ్చి, కడిగి ఆరబెట్టి ఇచ్చాడు. పాప పెద్ద అక్షరం రాసి, వత్తు వేరే రంగు ముగ్గుపిండితో కింద పోస్తుంది. పోస్తూ పైకి పలుకుతుంది. రోజుకు ఐదు మాటలు, అంతకంటే ఎక్కువ చెప్పను. పాఠం ముందు నేను చదివి వినిపిస్తాను, తర్వాత ఇద్దరం కలిసి చదువుతాం. ఇంపోజిషన్ అన్న మాట మా ఇంట్లో ఇక లేదు. ఎర్ర పెన్ను కూడా.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగు రాష్ట్రమంతా జరిపారు. తల్లులు పట్టుచీరలు కట్టుకుని వెళ్లారు, ఆ సంతోషం నేను చూశాను. ఇలాంటి రోజుకు ముందు ప్రతి మూడో తరగతి పిల్ల చేత, ఇంతకు ముందు చూడని నాలుగు వరసలు, పాఠ్యపుస్తకంలో లేనివి, ఒక్క నిమిషం చదివించండి. కంఠతా పట్టింది అక్కడ పనికిరాదు. తడబడిన పిల్లల పేర్లు అందరి ముందూ చదవకుండా, మండలంలోని భవిత కేంద్రానికి పంపండి. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్ష స్లాటు కోసం తల్లి ఒక్కతే సచివాలయం చుట్టూ తిరగకుండా బడే కాగితాలు పెట్టాలి. మాలాంటి ట్యూషన్ వాళ్లను కూడా ఒక పూట పిలిచి చెప్పండి. మా దగ్గర కూర్చునే పిల్లలు తక్కువమంది కాదు, మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ ఏ శిక్షణకూ పిలవలేదు.

మీ పత్రికకూ ఒక మాట. ఫలితాల రోజు మొదటి పేజీ నిండా ఒకటి, ఒకటి, రెండు అంటూ ర్యాంకుల ఫోటోలతో ప్రకటనలు వస్తాయి. ఆ పేజీ మా వీధిలో టీకొట్టు దగ్గర రోజంతా చేతులు మారుతుంది. ఆ రోజు లోపలి పేజీలో ఎక్కడైనా సరే, చదవడం కష్టమయ్యే పిల్లలకు ఎక్కడ పరీక్ష చేయించాలో, అదనపు సమయం ఎలా అడగాలో ఒక చిన్న పెట్టెలో వెయ్యండి. నేను కత్తిరించి మా గుమ్మానికి అంటిస్తాను.

ఆ హాస్టల్ ఉత్తరం వాళ్లమ్మ ఇప్పటికీ దాచుకుంది, నా ఎర్ర సున్నాలతో సహా. దాని గురించి పేపరుకు రాయనా అని ఆ అబ్బాయిని అడిగాను. సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక ఇంజన్ చప్పుడు. 'రాయండి మేడం. సున్నాలు చుట్టారని కూడా రాయండి' అన్నాడు. రాశాను.

ఇట్లు
ఒక ట్యూషన్ టీచర్,
కంచరపాలెం, విశాఖపట్నం